బేరమాడనివాడు ప్రవాసి

కొండాయపేట మునిసిపాలిటీలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేసే పెంచలయ్యకు ఊళ్లో రెండు విషయాల్లో పేరుంది. ప్రభుత్వ భాషలో ఆయనలా రాసేవాడు జిల్లాలో లేడని మొదటిది. కుళాయిలో నీళ్లు రాకపోతే దాన్ని ‘జలప్రవాహ విరామం’ అంటూ ఎంత గంభీరంగా రాసేవాడంటే, ఫిర్యాదు తెచ్చినవాడు కూడా ఆ జవాబు చదువుకుని, ఏదో గొప్ప పనే జరుగుతోందనుకుని ఖాళీ బిందెతో తృప్తిగా ఇంటికి వెళ్లేవాడు. రెండోది, బేరమాడటం ఆయనకు చేతకాదు. అమ్మేవాళ్లు ధర చెప్పీ చెప్పకముందే చెయ్యి దానంతటది జేబులోకి పోయేది. ఇంకొంచెం తగ్గించమని నోరు తెరవబోతే చెవులు ఎర్రబడి, ఏదో తప్పుడు పని చేస్తున్నట్టు చుట్టూ చూసేవాడు. అది చూసి భార్య సుబ్బరత్న పెళ్లయిన కొత్తల్లోనే ఆయన చేతిలోంచి సంచి లాగేసుకుంది. అప్పట్నుంచీ బజారు పని ఆమెదే.

అయితే ఈ మధ్య సుబ్బరత్న బేరం కూడా సాగడం లేదు. కొండాయపేటలో వీధికి నాలుగిళ్లవాళ్లు కువైట్‌లో ఉంటారు. కార్లు నడపడానికో, వంటలు చెయ్యడానికో, ఎవరి పిల్లల్నో ఎత్తుకోవడానికో పోయి, ఏళ్ల తర్వాత వస్తారు. వచ్చినవాళ్లు సెంటు వాసనతో బజారుకు వచ్చి, ధర అడక్కుండా కావలసింది సంచిలో వేయించుకుంటారు. వాళ్లు అడగరు కాబట్టి వీళ్లు నోటికొచ్చింది చెబుతారు. ఒకసారి చెప్పిన ధర మళ్లీ కిందికి దిగదు.

"తీసుకుంటే తీసుకో అక్కా, లేకుంటే యాడిదాడ పెట్టు," అంది కూరగాయల ఈశ్వరమ్మ ఒకరోజు. "సాయంత్రం బండికి కువైటోళ్లు దిగుతాండారంట."

ఆ వారమే ఇంటి ఓనరు ఓబులమ్మ కూడా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "సారూ, నేను మిమ్మల్ని పొమ్మనడంల్యా. కానీ కువైట్ నుంచి వచ్చినోళ్లు మీరిచ్చేదానికి రెండింతలు ఇస్తామంటాండారు. మీరే ఆలోచించండి," అని చెప్పి, ఆయన ఆలోచిస్తాడేమోనని కాసేపు చూసి వెళ్లిపోయింది.

సుబ్బరత్న వంటింట్లోంచే అందుకుంది. "ఆఫీసులో అందరి కోసరం రాస్తావు గదా అబ్బా. ఈ ధరలు తగ్గేదానికి ఒక్క కాయితం రాయగూడదా?"

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఇంత కథ జరిగేది కాదని ఆమె తర్వాత చాలాసార్లు అనుకుంది.

పెంచలయ్య ఆ వారం సెలవు రోజంతా కూర్చుని రాశాడు. ఊరికి కొత్తగా వచ్చిన కమిషనర్ గారు కుర్రవాడు. ఏదైనా కొత్తగా చేసి రాష్ట్రం దృష్టిలో పడాలని తహతహలాడుతున్నవాడు. కాగితం చదువుతూనే ఆయన కళ్లు మెరిశాయి. మరుసటి రోజే సిబ్బంది సమావేశం పెట్టాడు.

"ద్వివిధ ధరల సమన్యాయ పథకం!" అని పేరును రెండుసార్లు రుచి చూశాడు. "అంటే స్థానికులకు స్థానిక ధర, విదేశాల నుంచి తిరిగి వచ్చినవారికి ప్రవాస ధర. అసమానతను ధర ద్వారానే సమానం చేస్తున్నాం. దేశంలో ఎక్కడా లేదు కదా?"

"నాకు తెలిసి ఎక్కడా లేదు సార్," అన్నాడు పెంచలయ్య వినయంగా. ఎక్కడా ఎందుకు లేదో ఆలోచించాలని ఆ క్షణంలో ఆయనకు తోచలేదు.

"అయితే ఎవరు స్థానికుడో, ఎవరు ప్రవాసో నిర్ధారించడం ఎలా? పాస్‌పోర్టులు అడిగే అధికారం మనకు లేదు."

పెంచలయ్య లేచి, గొంతు సవరించుకుని, తన కాగితంలోని నాలుగో నిబంధన చదివాడు. "విక్రేత చెప్పిన ధరను ప్రతివాదన లేకుండా అంగీకరించు వ్యక్తిని ప్రవాసిగా పరిగణించవలెను. సదరు వ్యక్తి కుటుంబ పెద్ద అయినచో కుటుంబమంతటికీ ఇది వర్తించును."

కమిషనర్ చప్పట్లు కొట్టాడు. ఆయన కొట్టాడు కాబట్టి అందరూ కొట్టారు. పెంచలయ్యకు ఉద్యోగంలో చేరాక చప్పట్లు అదే మొదలు. ఇంటికి వెళ్లి సుబ్బరత్నకు ఆ నిబంధన రాగం తీసి మరీ చదివి వినిపించాడు.

ఆమె విని, "కుటుంబ పెద్ద అంటే ఎవరు?" అని మాత్రం అడిగింది.

"నేనే గదా."

"ఎవరు చెప్పినారు?"

"నేనే రాసినా," అన్నాడు పెంచలయ్య.

టౌన్‌హాల్లో బేరపు పరీక్షలు మొదలయ్యాయి. వేదిక మీద ఒక బల్ల, దాని మీద మునిసిపాలిటీ డబ్బుతో కొన్న వంకాయలు, వాటి వెనుక రోజుకూలికి పిలిపించిన ఈశ్వరమ్మ, పక్కన కుర్చీల్లో కమిషనర్‌తో కలిపి ముగ్గురు అధికారులు. ఎవరైనా వచ్చి వంకాయలు బేరమాడాలి. గట్టిగా ఆడినవాళ్లకు పచ్చకార్డు. వాళ్లు స్థానికులు. చెప్పిన ధరకు తలూపినవాళ్లకు ఎర్రకార్డు.

"మన సిబ్బందితోనే మొదలుపెడదాం," అన్నాడు కమిషనర్, కెమెరాల వైపు చూస్తూ. "పథకం సృష్టికర్త మొదట రావాలి. రండి పెంచలయ్యగారూ."

ఇంత రాసిన పెంచలయ్యకు, ఆ బల్ల ముందు తనూ నిలబడాల్సి వస్తుందన్న ఊహ ఒక్కసారి కూడా రాలేదు. వేదిక ఎక్కాడు. ఈశ్వరమ్మకు ఆయన తెలుసు. సుబ్బరత్న మొగుడని జాలిపడి, ఎంత మొహమాటస్తుడైనా బేరమాడక తప్పనంత ఎక్కువ ధర చెప్పింది. పెంచలయ్య నోరు తెరిచాడు. చెవులు ఎర్రబడ్డాయి. హాల్లో వందల కళ్లు. చెయ్యి జేబులోకి పోయింది.

"సంచి ఉందామ్మా?" అన్నాడు.

ఈశ్వరమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. అధికారులు ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కమిషనర్ లేచి నిలబడి గంభీరంగా ప్రకటించాడు. "చట్టం ముందు అందరూ సమానులే. నిబంధన రాసిన చేతికే నిబంధన వర్తించడం మన పారదర్శకతకు నిదర్శనం." స్వయంగా ఎర్రకార్డు అందించి, ఫోటో అయ్యేదాకా చెయ్యి వదల్లేదు.

అలా, తిరుపతి దాటి ఎరగని పెంచలయ్య కొండాయపేటలో మొట్టమొదటి అధికారిక కువైట్ ప్రవాసి అయ్యాడు.

మొట్టమొదటివాడే కాదు, చివరికి ఒకే ఒక్కడు కూడా అయ్యాడు. ఎర్రకార్డు వస్తే ఏమవుతుందో ఊరు చూసింది మరి. బస్టాండు వెనకాల రాత్రికి రాత్రే ‘బేర శిక్షణ కేంద్రం’ వెలిసింది. కువైట్‌లో కంపెనీ పెట్టి, ఊళ్లో మూడంతస్తులు కట్టిన కాంట్రాక్టరు కూడా అందులో చేరి, వారం తిరక్కుండానే కొత్తిమీర కట్ట కోసం ఈశ్వరమ్మతో తగువు పెట్టుకునేంత స్థానికుడయ్యాడు. కారులో వచ్చి, కారు దిగి, బేరమాడి, పచ్చకార్డు తీసుకుని, మళ్లీ కారెక్కి వెళ్లాడు.

పరీక్షలో అందరికన్నా పేరు తెచ్చుకున్నది రమీజాబీ. పెంచలయ్య వాళ్ల వెనక వీధిలో సున్నం కూడా వెయ్యని మేడ ఇల్లు ఆమెది. చాలా ఏళ్లు కువైట్‌లో ఒక పెద్దింట్లో వంటమనిషిగా చేసి, మోకాళ్లు పట్టేసి తిరిగొచ్చింది. మేడ చూసి, ఆమె బాగా ఉన్నవాళ్లలో ఒకతె అని పెంచలయ్య ఎప్పుడూ అనుకునేవాడు. ఆ మేడ పూర్తయ్యేలోపే డబ్బూ, ఆమె ఒంట్లో సత్తువా అయిపోయాయని ఆయనకు తెలియదు. బజారు మూసే వేళకు వెళ్లి మిగిలిన కూరలు కొనుక్కునే మనిషి ఆమె. బల్ల ముందు నిలబడి వంకాయల ధర సగానికి దించింది. పుచ్చులు చూపించి ఇంకా దించింది. తర్వాత తట్టకెంత అని అడిగింది. ఈశ్వరమ్మ, "అమ్మో, ఈమెకు కార్డిచ్చి పంపించండి సార్, లేదంటే నన్ను కూడా కొనేట్టుంది," అని మొరపెట్టుకుంది.

ఆ పచ్చకార్డుతో రమీజాబీకి పాలూ బియ్యమూ స్థానిక ధరకు వచ్చాయి. పెంచలయ్యకు మాత్రం కష్టాలు వచ్చాయి.

పాలబ్బాయి రెండింతలు అడిగాడు. సెలూన్లో గడ్డానికి ప్రవాస ధర. ఎర్రకార్డు ఉన్నవాడు బేరమాడితే అది ‘స్థానికతను దొంగిలించుట’ అనే నేరం. అదీ ఆయన రాసిందే. సుబ్బరత్న ఇన్నేళ్ల తన విద్యను నోట్లోనే మింగి, చెప్పిన ధరకు కొని, ఇంటికొచ్చి సంచిని విసిరికొట్టేది. జాతరకు చందా రాయడానికి వచ్చినవాళ్లు ఆయన పేరు అందరికన్నా పైన రాశారు. పెద్దనాన్న కొడుకు మదనపల్లె నుంచి బస్సెక్కి వచ్చి, భోజనం చేసి, చెయ్యి తుడుచుకుంటూ, "మాకు చెప్పకుండా పొయ్యొచ్చినావే పెంచలా. సరే, అయిందేదో అయింది. ఆడబిడ్డలకు ఒక బంగారు ముక్కైనా తేలేదా?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

ఇంత అవస్థలోనూ పెంచలయ్యకు తనమీద తనకే నవ్వొచ్చే సంగతి ఒకటుంది. ఆ ఎర్రకార్డు ఆయనకు లోలోపల నచ్చసాగింది. పెళ్లిళ్లలో ముందు వరసలో కూర్చోబెట్టేవారు. ఎన్నడూ పలకరించని బ్యాంకు మేనేజరు ఇంటికొచ్చి, డిపాజిట్లు ఏమైనా ఉంటే చూసుకుంటామన్నాడు. వీధిలో ఎవరో "సేటూ" అని పిలిస్తే, తెలియకుండానే తిరిగి చూశాడు. నడక కాస్త నెమ్మదించింది. ఒకరోజు సుబ్బరత్న ఆయన చొక్కా ఉతకబోతూ ముక్కు దగ్గర పెట్టుకుని ఆగిపోయింది.

"ఏందిది? సెంటా?"

"ఊరికే, ఆఫీసులో ఎవరో పూసినారు," అన్నాడు పెంచలయ్య.

"ఇంట్లో చింతపండు లేదు. ఈయప్పకు సెంటు!" అని ఆమె చొక్కాను బకెట్లో ముంచి, సెంటు పోయిందాకా ఉతికింది.

ఓబులమ్మ మళ్లీ గుమ్మంలోకి రావడంతో ఆ నవ్వూ పోయింది. "ఇప్పుడు మీరే కువైటోళ్లు గదా సారూ. ఇంక వేరేవాళ్లెందుకు? ఆ రెండింతలేదో మీరే ఇయ్యండి," అంది ఎంతో ఆప్యాయంగా.

పెంచలయ్య ఆ పూటే అప్పీలు పెట్టుకున్నాడు. తను ఎన్నడూ కువైట్ వెళ్లలేదనీ, కాబట్టి తిరిగి వచ్చే అవకాశమే లేదనీ. విచారణ టౌన్‌హాల్లోనే. పని లేని జనమంతా వచ్చి కూర్చున్నారు.

"మీరు కువైట్ వెళ్లలేదనడానికి ఆధారం?" అన్నాడు కమిషనర్.

"వెళ్లనిదానికి ఆధారం ఎట్లుంటుంది సార్?"

"కువైట్ ప్రభుత్వం నుంచి తేవాలి. మీరు అక్కడికి రాలేదని వారే ధ్రువీకరించాలి. స్వయంగా వెళ్లి అడిగితే త్వరగా ఇస్తారనుకుంటాను."

హాల్లో ఎవరో నవ్వారు. కమిషనర్ నవ్వలేదు. ఆయన నిజంగానే సాయం చేస్తున్నాననుకుంటున్నాడు.

అప్పుడు వెనక నుంచి రమీజాబీ మోకాళ్లు పట్టుకుని లేచింది. "నేను సాక్షి చెప్తా సార్. నేను పొయ్యొచ్చినదాన్ని. పొయ్యొచ్చినోళ్ల మొకాలు నాకు తెలుస్తాయి. పెంచలన్న పోల్యా."

కమిషనర్ తన ముందున్న కాగితం చూసి తల అడ్డంగా ఊపాడు. "మీకు పచ్చకార్డు ఉందమ్మా. మీరు స్థానికులు. రికార్డు ప్రకారం మీరు ఏ విదేశానికీ వెళ్లలేదు. కువైట్ గురించి మీ సాక్ష్యం చెల్లదు."

రమీజాబీ ఒక అడుగు ముందుకొచ్చింది. "నేను పోలేదా సార్?"

"లేదమ్మా."

"నా బిడ్డను చంకలో ఉండంగా వదిలిపెట్టి పోయినా సార్. నేను తిరిగొచ్చేటప్పటికి వాడు నన్ను చూసి ‘ఎవురు కావాల’ అన్న్యాడు. మరి మధ్యలో ఆ ఏండ్లన్నీ నేను యాడుండినట్టు?"

కమిషనర్ పక్కనున్న అధికారుల వైపు చూశాడు. వాళ్లు నిబంధనల వైపు చూశారు. నిబంధనల్లో దానికి జవాబు లేదు. "మీకు లాభమే కదమ్మా ఇందులో," అన్నాడు చివరికి మెల్లగా. "సాక్ష్యం చెల్లాలంటే పచ్చకార్డు వెనక్కివ్వాలి. అప్పుడు మీకూ ప్రవాస ధరే."

రమీజాబీ పైటకొంగు ముడి విప్పింది. కార్డు బయటికి తీసింది. "ఇంద సార్. నేను పొయ్యొచ్చిన్యా అని రాయండి. ఆయప్ప పోలేదని రాయండి."

పెంచలయ్య ఆ కార్డును చూశాడు. దాన్ని పట్టుకున్న వేళ్లను చూశాడు. పెద్ద పెద్ద గిన్నెలు దించి దించి కాలిన మచ్చలు ముంజేతి దాకా ఉన్నాయి. ఇంతకాలం తను ‘ఉన్నవాళ్లు’ అనుకుని, వాళ్ల వల్లే తన ఇంట్లో కూర తగ్గిందనుకుని, కూర్చుని నాలుగో నిబంధన రాసింది ఈ మనిషి మీదనా అని ఆయనకు అప్పుడు తట్టింది. సిగ్గుతో చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి. ఈసారి బేరం కోసం కాదు.

"సార్," అన్నాడు. "ఆమె కార్డు ఆమె దగ్గరే ఉండనీండి. నేను అప్పీలు వెనక్కి తీసుకుంటాండా. కువైట్ పొయ్యొచ్చినాను."

హాలు గొల్లుమంది. సుబ్బరత్న జనంలోంచి, "ఏమబ్బా, మతిపోయిందా?" అని గట్టిగా అరిచింది.

"అక్కడ మీరు చేసిన పని?" అన్నాడు కమిషనర్, కలం తీసుకుంటూ.

పెంచలయ్య రమీజాబీ వైపు చూశాడు. "వంట సార్," అన్నాడు.

నవ్వు మళ్లీ లేచింది కానీ రమీజాబీ నవ్వలేదు. కార్డు కొంగున ముడేసుకుని కూర్చుండిపోయింది. కమిషనర్ మాత్రం ఎంతో సంతోషించి, ‘ప్రజల్లో స్వచ్ఛందంగా ప్రవాసత్వాన్ని అంగీకరించే చైతన్యం వెల్లివిరియుచున్నది’ అని రాసుకున్నాడు.

ఆ సాయంత్రమే రమీజాబీ ఇంటికొచ్చింది. "అన్నా, నా మేడపైన ఒక పోర్షను ఉంది. సున్నం లేదు, కిటికీకి రెక్కల్లేవు. ఓబులమ్మకు అంత పొయ్యడమెందుకు? వచ్చేయండి."

"బాడుగెంత చెప్తావు?" అంది సుబ్బరత్న, అలవాటు కొద్దీ ముందుకు జరిగి.

"నువ్వు అడగగూడదు సుబ్బీ. మనది ఎర్రకార్డు, బేరం నేరం," అన్నాడు పెంచలయ్య.

ఆ గదిలో బేరమాడే హక్కున్నది రమీజాబీ ఒక్కతెకే. ఆమె ప్రవాస ధర ప్రకారం బాడుగ చెప్పింది. చెప్పి, కుర్చీ మార్చుకుని పెంచలయ్య పక్కన కూర్చుని, "సున్నం లేని ఇంటికి అంతనా?" అని తన ఖాళీ కుర్చీని నిలదీసింది. మళ్లీ ఇటు వచ్చి, "గాలి బాగొస్తాది," అంది. అటు పోయి, "కిటికీకి రెక్కలు లేకపోతే రాకుండా ఏం చేస్తాది?" అంది. తనతో తనే చాలాసేపు గట్టిగా బేరమాడుకుని, మోకాళ్ల నొప్పికి ఇక తిరగలేక, ఓబులమ్మ పాత బాడుగకన్నా కాస్త తక్కువకే తగ్గి ఒప్పుకుంది. సుబ్బరత్న చాలా రోజుల తర్వాత కడుపుబ్బా నవ్వింది.

పథకం సంగతి ఎలా ముగిసిందంటే, అది ముగియలేదు. ఊరంతా పచ్చకార్డులే అయ్యేసరికి ప్రవాస ధర కట్టేవాడు పెంచలయ్య ఒక్కడే మిగిలాడు. ఒక్కడి మీద బజారంతా ఎలా బతుకుతుంది? వ్యాపారులు స్థానిక ధరనే మెల్లమెల్లగా పెంచుకుంటూ పోయి ప్రవాస ధర దగ్గరికి తెచ్చారు. రెండూ ఒకటైన రోజున కమిషనర్ గారు పై ఆఫీసుకు ‘పట్టణంలో ధరల అసమానత సంపూర్ణంగా నిర్మూలించబడినది’ అని నివేదిక పంపారు. దానికి ఆయనకు అవార్డూ, పెద్ద ఊరికి బదిలీ కూడా వచ్చాయి.

వెళ్లేముందు ఘనంగా వీడ్కోలు సభ పెట్టించుకున్నారు. అందులో ఊరి ఏకైక ప్రవాసికి సన్మానం. పెంచలయ్యను వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, మైకు చేతికిచ్చారు.

"కువైట్‌లో అన్నేళ్లు కష్టపడి వచ్చారు. అక్కడి భాషలో మా కోసం ఒక్క మాట," అన్నాడు కమిషనర్ ఆప్యాయంగా.

పెంచలయ్యకు అరబ్బీలో ఒక్క ముక్కా రాదు. కింద జనంలో చూశాడు. ముందు వరస చివర రమీజాబీ, పక్కన సుబ్బరత్న. రమీజాబీ పెదవులతో మెల్లగా ఏదో అంది. ఆయనకు అందలేదు. ఆమె చేతిని నోటికి అడ్డం పెట్టుకుని మళ్లీ అంది.

"యల్లా, బిసురా!" అన్నాడు పెంచలయ్య మైకులో, గుండెలనిండా గాలి పీల్చుకుని.

హాలు దద్దరిల్లింది. కమిషనర్ గారు లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టి, "ఎంత మధురమైన భాష!" అని పక్కనున్న అధికారితో అన్నారు.

సభ అయ్యాక ముగ్గురూ ఇంటికి నడిచి వస్తున్నారు. రమీజాబీ మోకాళ్ల కోసం మెల్లగా నడుస్తున్నారు.

"నా చేత ఏమనిపించినావు చెల్లీ? స్వాగతమనా?" అన్నాడు పెంచలయ్య.

"కాదన్నా. ‘ఊఁ, బిరీన కానీ, తొందరగా’ అని." ఆమె దారిలో గుంత ఒకటి దాటి మళ్లీ అంది. "నేనున్నన్నాళ్లూ ఆ ఇంట్లో నాతో మాట్లాడిందంతా దాదాపు ఆ ఒక్క మాటే."

పెంచలయ్య శాలువా భుజం మీద బరువుగా అనిపించి, తీసి ఆమె చేతికివ్వబోయాడు. రమీజాబీ వద్దని తోసేసి, ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వాపుకోలేక సుబ్బరత్న చెయ్యి పట్టుకుని నిలబడిపోయింది.

"అది కాదన్నా," అంది కళ్లు తుడుచుకుంటూ. "ఆ మాటకు ఎవురైనా చప్పట్లు కొట్టింది ఇదే మొదలు."